గంట గడవదు, ఏడాది ఆగదు

ఒకే మనిషి ఒకే రోజు రెండు మాటలూ అంటాడు. పొద్దున ఎవరో సాగదీస్తున్న మీటింగులో కూర్చుని, పదేపదే వాచీ చూసుకుంటూ "టైం కదలడం లేదే" అని విసుక్కుంటాడు. సాయంత్రం పాత స్నేహితుడు ఫోన్ చేసి "మనం కలిసి ఏడాది దాటింది తెలుసా" అంటే, "అప్పుడే ఏడాదా! ఎలా గడిచిందో తెలియనే లేదు" అని ఆశ్చర్యపోతాడు. రెండింట్లోనూ అబద్ధం లేదు. కానీ కదలని గంటలు పోగుపడితేనే కదా ఆ ఏడాది అయింది! గంటలు ఈడుస్తూ నడిచినప్పుడు ఏడాది ఎలా పరుగెత్తింది?

కూడికల లెక్కలో ఇది కుదరదు. మనసు లెక్కలో మాత్రం తిరకాసేమీ లేదు, ఎందుకంటే ఆ రెండు మాటలూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు. మొదటిది "ఇప్పుడు కాలం ఎలా నడుస్తోంది?" అన్నదానికి జవాబు. రెండోది "ఎంత కాలం గడిచింది?" అన్నదానికి. మొదటి ప్రశ్న వచ్చినప్పుడు మెదడు ప్రధానంగా ధ్యాస మీద ఆధారపడుతుంది. రెండోది వచ్చినప్పుడు జ్ఞాపకాల్ని తవ్వుతుంది. కాలం గురించి మనం చెప్పుకునే వింతల్లో చాలావాటికి మూలం ఈ రెండింటినీ ఒకటిగా కలిపేయడమే అని నాకనిపిస్తుంది. విడదీసి చూస్తే కొన్ని వింతలు మామూలు విషయాలైపోతాయి. కొన్ని మాత్రం ఇంకా వింతగా మారతాయి.

వెలుతురుకు కన్ను ఉంది, చప్పుడుకు చెవి ఉంది. కాలానికి అలాంటి అవయవం లేదు. గడియారాల ప్రపంచంలో సెకనుకు స్పష్టమైన నిర్వచనం ఉంది. సీజియం-133 పరమాణువుకు చెందిన ఒక నిర్దిష్ట వికిరణం 919,26,31,770 సార్లు కంపించడానికి పట్టే వ్యవధిని 1967 నుంచి సెకను అంటున్నాం. మన లోపల అలాంటి కొలబద్ద ఏదీ లేదు. ఉన్నదల్లా వేర్వేరు పనులకు వేర్వేరు ఏర్పాట్లు. అవి ఒకదాని మాట ఒకటి వినవు కూడా.

ఒంట్లోని గడియారం వేరు

"నాకు అలారం అక్కర్లేదు, ఒంట్లోనే గడియారం ఉంది" అనేవాళ్లు ఉంటారు. నిజమే, ఉంది. మెదడు అడుగుభాగాన, హైపోథాలమస్ అనే చోట దాదాపు 20,000 నాడీకణాల చిన్న గుంపు ఉంటుంది. పేరు సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్. నిద్ర, మెలకువ, ఒంటి వేడి, హార్మోన్ల ఎగుడుదిగుళ్లు అన్నీ దాని తాళానికి నడుస్తాయి. వెలుతురేమీ తగలకుండా వదిలేస్తే అది 24 గంటలకు కాస్త ఎక్కువ చుట్టుతో తిరుగుతుంది. రోజూ కంట్లో పడే వెలుతురే దాన్ని సరిచేస్తుంటుంది. కణాల స్థాయిలో ఈ యంత్రాంగం ఎలా పనిచేస్తుందో పండ్ల ఈగల మీద పరిశోధించి తేల్చినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

కానీ ఈ గడియారానికి "పది నిమిషాలు అయిందా లేదా" అన్నది తెలియదు. అది దాని పనే కాదు. ఈ సంగతిని అందరికన్నా నాటకీయంగా నిరూపించినవాడు మిషెల్ సిఫ్రె అనే ఫ్రెంచ్ యువకుడు. భూగర్భ శాస్త్రం చదివిన ఇతను 1962 జులైలో, 23 ఏళ్ల వయసులో, ఆల్ప్స్ పర్వతాల్లో స్కారసోన్ అనే గుహలోకి దిగాడు. వాచీ లేదు, క్యాలెండర్ లేదు, ఎండపొడ లేదు. నిద్ర లేచినప్పుడు, తిన్నప్పుడు, పడుకోబోయేముందు పైనున్న సహచరులకు ఫోన్ చేసి చెప్పడమే. వాళ్లు మాత్రం టైం ఎంతో అతనికి చెప్పకూడదు. సెప్టెంబరు 14న వాళ్లు "ఇక చాలు, పైకి రా" అన్నారు. అతని లెక్కలో అప్పటికి ఆగస్టు 20 మాత్రమే.

అంటే 25 రోజులు మాయమైపోయాయి. విశేషం ఏమిటంటే అతని ఒళ్లు మాత్రం దాదాపుగా ఏమీ పోగొట్టుకోలేదు. పైవాళ్లు రాసుకున్న వివరాల్ని బట్టి చూస్తే అతను దాదాపుగా రోజుకోసారి చొప్పున నిద్రపోతూ, లేస్తూనే ఉన్నాడు. శరీరం రోజులు సరిగ్గానే లెక్కపెడుతోంది, ఆ లెక్క మనిషికే అందడం లేదు. సెకనుకు ఒకటి చొప్పున 120 దాకా లెక్కపెట్టమని అడిగితే, రెండు నిమిషాల్లో అయిపోవాల్సిన ఆ లెక్కకు అతనికి దాదాపు ఐదు నిమిషాలు పట్టింది. చీకట్లో ఒక రోజుకూ మరో రోజుకూ తేడా చూపించే గుర్తు ఏదీ మిగలకపోవడంతో, వెనక్కి తిరిగి చూసుకుంటే కాలం కుంచించుకుపోయింది.

కనిపెట్టుకుని కూర్చుంటే

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఈ క్షణంలో కాలం ఎలా నడుస్తోందన్నది ఎలా తెలుస్తుంది? మనస్తత్వ శాస్త్రంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న నమూనా ఒకటుంది. మెదడులో టిక్‌లు పుడుతూ ఉంటాయి, అవి ఒక ద్వారం దాటి ఒకచోట పోగవుతాయి, ఎన్ని పోగైతే అంత కాలం గడిచినట్టు అనిపిస్తుంది. ఆ ద్వారాన్ని తెరిచేది ధ్యాస. టైం మీద ధ్యాస పెడితే టిక్‌లన్నీ లోపలికొస్తాయి, కాలం పొడుగ్గా తోస్తుంది. వేరే పనిలో మునిగితే ద్వారం సగం మూసుకుంటుంది, చాలా టిక్‌లు బయటే పోతాయి. డాన్ జకాయ్, రిచర్డ్ బ్లాక్ 1990ల్లో దీన్ని ఈ రూపంలో చెప్పారు. మెదడును కోసి చూస్తే అలాంటి ద్వారమేదీ కనిపించదు, ఇది నమూనా మాత్రమే. అయినా రోజువారీ అనుభవాల్ని బాగానే వివరిస్తుంది.

ఉదాహరణకు ఎదురుచూపు. డాక్టర్ గది బయట కూర్చున్న మనిషికి టైం తప్ప ధ్యాస పెట్టడానికి వేరే ఏమీ ఉండదు. డేవిడ్ మైస్టర్ అనే మేనేజ్‌మెంట్ నిపుణుడు 1985లో క్యూల మనస్తత్వం మీద ఒక వ్యాసం రాశాడు. ఖాళీగా గడిపే సమయం పనిలో గడిపే సమయం కన్నా పొడుగ్గా అనిపిస్తుందన్నాడు. ఎంతసేపో తెలియని నిరీక్షణ, తెలిసిన నిరీక్షణ కన్నా భారమన్నాడు. ఎందుకు ఆగాల్సి వచ్చిందో చెప్పకపోతే ఇంకా భారం. "ఐదు నిమిషాల్లో పిలుస్తాం" అని చెప్పి పదిహేను నిమిషాలు కూర్చోబెట్టడం కన్నా "ఇరవై నిమిషాలు పడుతుంది" అని చెప్పి పదిహేనుకే పిలవడం ఎందుకు నయమో దీన్నిబట్టి తెలుస్తుంది. లిఫ్టుల పక్కన అద్దాలు పెట్టడం వెనకా, డౌన్‌లోడ్ ఎంత శాతం అయిందో స్క్రీన్ మీద గీత చూపించడం వెనకా ఉన్నది ఇదే కిటుకు. నిరీక్షణలో ఒక్క సెకను కూడా తగ్గదు, ధ్యాస మాత్రం మళ్లుతుంది.

హ్యూస్టన్ విమానాశ్రయం గురించి ఒక కథ ఈ రంగంలో తరచూ చెబుతుంటారు. లగేజీ ఆలస్యంగా వస్తోందని ప్రయాణికులు గొడవ చేస్తుంటే సిబ్బందిని పెంచారు, ఆలస్యం తగ్గింది, ఫిర్యాదులు తగ్గలేదు. చివరికి విమానం దిగే చోటును లగేజీ బెల్టుకు దూరంగా మార్చారు. జనం ఎక్కువసేపు నడవాల్సి వచ్చింది, ఫిర్యాదులు ఆగిపోయాయి. నడుస్తున్న మనిషి ఎదురుచూస్తున్నట్టు కాదు మరి. ఇందులో కాస్త మోసం లేకపోలేదు, కానీ నిలబడి విసిగిపోయే ప్రయాణికుడికి నిజమైన ఉపశమనం కూడా ఉంది.

ధ్యాస ఒక్కటే కాదు, ఒంటి స్థితి కూడా టిక్‌ల వేగాన్ని మారుస్తుంది. అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త హడ్సన్ హోగ్లండ్ 1930ల్లో దీన్ని తన ఇంట్లోనే గమనించాడు. జ్వరంతో పడుకున్న భార్య, అతను కాసేపు బయటికి వెళ్లొస్తే చాలాసేపు వెళ్లావంది. అతనికి అనుమానం వచ్చి, ఆమెను సెకనుకు ఒకటి చొప్పున అరవై దాకా లెక్కపెట్టమన్నాడు. జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు ఆమె ఆ లెక్కను గబగబా పూర్తిచేసేది. లోపలి టిక్‌లు త్వరపడితే బయటి గడియారం మెల్లగా నడుస్తున్నట్టే ఉంటుంది. (జ్వరంతో ఉన్న మనిషితో పదేపదే అంకెలు లెక్కపెట్టించిన ఆ భర్తకు ఇంట్లో ఎంత మర్యాద దక్కిందో చరిత్ర చెప్పలేదు.) ఒంటి వేడి పెరిగితే కాలం సాగినట్టు అనిపిస్తుందని తర్వాతి ప్రయోగాల్లో చాలావరకు కనబడింది. మెదడులోని డోపమైన్ అనే రసాయనానికీ ఈ అంచనాలకూ సంబంధం ఉంది. పార్కిన్సన్ జబ్బులో డోపమైన్ తగ్గినప్పుడు వ్యవధుల అంచనా కూడా దెబ్బతినడం దీనికి ఒక ఆధారం.

"కాలం ఆగిపోయినట్టనిపించింది"

ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లు తరచూ చెప్పే మాట ఇది. బండి జారుతుండగా ప్రతిదీ స్లో మోషన్‌లో కనిపించిందంటారు. నిజంగానే ఆ క్షణంలో మెదడు వేగం పెరిగి, లోకం నెమ్మదించినట్టు కనిపిస్తుందా? నాడీశాస్త్రవేత్త డేవిడ్ ఈగిల్‌మన్ బృందం దీన్ని తేల్చడానికి చేసిన ప్రయోగం 2007లో అచ్చయింది. మనుషుల్ని 31 మీటర్ల ఎత్తు నుంచి వెల్లకిలా కిందకు వదిలారు. తాడు లేదు, కింద వల ఉంది. పడటానికి రెండున్నర సెకన్లు చాలు, భయపడటానికి అంతకన్నా తక్కువ చాలు.

దిగాక, తాము ఎంతసేపు పడ్డామో అంచనా వేయమంటే, వేరేవాళ్లు పడుతుంటే చూసి చెప్పిన వ్యవధి కన్నా సగటున 36 శాతం ఎక్కువ చెప్పారు. ఇంతవరకు అందరి అనుభవంతోనూ సరిపోతోంది. కానీ వాళ్ల చేతికి ఒక చిన్న పరికరం కట్టారు. అందులో అంకెలు ఎంత వేగంగా మారతాయంటే మామూలుగా అలుక్కుపోయినట్టే కనిపిస్తాయి. మెదడు నిజంగా స్లో మోషన్‌లోకి వెళ్లి ఉంటే, పడుతున్నప్పుడు ఆ అంకెలు విడివిడిగా కనిపించాలి. నేల మీద ఉన్నప్పటికన్నా మెరుగ్గా వాళ్లు చదవలేకపోయారు.

అంటే ఆ క్షణంలో చూపు చురుకుదనం పెరగలేదు. పెరిగింది జ్ఞాపకాల చిక్కదనం. భయంలో మెదడు మామూలప్పుడు వదిలేసే చిన్న వివరాల్ని కూడా భద్రపరుస్తుంది. తర్వాత ఆ రెండున్నర సెకన్లను గుర్తు చేసుకుంటే బోలెడంత సరుకు బయటికొస్తుంది. ఇంత సరుకు పట్టిందంటే ఎక్కువసేపే జరిగి ఉండాలి అని మెదడు తీర్మానిస్తుంది. చూపు ఒక్కదాన్ని పరీక్షించి అనుభవం మొత్తానికీ తీర్పు ఇవ్వకూడదని అభ్యంతరపెట్టే పరిశోధకులూ ఉన్నారు, ఆ అభ్యంతరంలో పస ఉంది. అయినా "ఆగిపోయినట్టనిపించింది" అన్న మాట మనిషి నోట ఎప్పుడు వస్తుందో గమనించండి. అంతా అయ్యాకే. అప్పుడది అనుభవం కాదు, జ్ఞాపకం ఇచ్చే సాక్ష్యం.

ఈ సాక్ష్యాన్ని ఎంత నమ్మాలన్నది కోర్టుల్లో తేలికైన ప్రశ్న కాదు. జ్ఞాపకాల మీద పరిశోధించే ఎలిజబెత్ లాఫ్టస్, ఆమె సహచరులు 1987లో అచ్చువేసిన ప్రయోగంలో జనానికి అరనిమిషం నిడివి ఉన్న బ్యాంకు దోపిడీ వీడియో చూపించారు. ఎంతసేపు జరిగిందని తర్వాత అడిగితే, సగటున వచ్చిన జవాబు అసలు నిడివికి కొన్ని రెట్లు ఉంది. "దొంగ ముఖాన్ని రెండు నిమిషాలు చూశాను" అని సాక్షి చెబితే, అబద్ధమాడుతున్నాడని కాదు, అలాగని ఆ రెండు నిమిషాల్ని గడియారం నిమిషాలుగా రాసుకోవడమూ కుదరదు.

ఇంతకన్నా చిన్న స్థాయిలో మెదడు చేసే సర్దుబాట్లు ఇంకా తమాషాగా ఉంటాయి. ముల్లు టిక్కుటిక్కుమంటూ కదిలే గోడ గడియారం వైపు చటుక్కున చూడండి. మొదటి సెకను మిగతావాటికన్నా కాస్త ఎక్కువసేపు ఆగినట్టుంటుంది, ఒక్కోసారి గడియారం ఆగిపోయిందేమో అనిపిస్తుంది. కన్ను ఒకచోటి నుంచి మరోచోటికి దూకేటప్పుడు కనిపించే అలుకుడు బొమ్మను మెదడు మనకు చూపించదు. ఆ ఖాళీని, కన్ను వాలాక కనిపించిన బొమ్మతో వెనక్కి పూరిస్తుంది. గడియారం ముల్లు మనం చూడకముందు నుంచీ అక్కడే ఉన్నట్టు లెక్క రాసేస్తుంది. లండన్ పరిశోధకుడు కీలన్ యారో, అతని సహచరులు 2001లో దీన్ని కొలిచి చూపించారు. "ఇప్పుడు" అని మనం అనుకునేది కూడా కాస్త ఆలస్యంగా, దిద్దుబాట్లయ్యాక చేతికొచ్చే నకలు అన్నమాట.

వెనక్కి చూసినప్పుడు

హాయిగా, కొత్త అనుభవాలతో గడిచిన కాలం గడుస్తున్నప్పుడు చిన్నదిగా, తలుచుకుంటే పెద్దదిగా తోస్తుందనీ, ఖాళీగా గడిచిన కాలం దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుందనీ అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే రాశాడు. తర్వాతి ప్రయోగాలు దీన్ని బలపరిచాయి. టైం అంచనా అడగబోతున్నామని ముందే చెప్పి కష్టమైన పని ఇస్తే మనుషులు తక్కువ వ్యవధి చెబుతారు. ముందు చెప్పకుండా పనంతా అయ్యాక అడిగితే అదే కష్టమైన పనికి ఎక్కువ చెప్పే మొగ్గు ఉంటుంది. ప్రశ్న ఎప్పుడు అడిగామన్నదాన్ని బట్టి జవాబు దిశే మారిపోతోంది.

జ్ఞాపకం పూర్తిగా లేకపోతే? హెన్రీ మొలైసన్ కథ ఇక్కడ ఉపయోగపడుతుంది. మూర్ఛ తగ్గడానికి 1953లో చేసిన ఆపరేషన్‌లో ఇతని మెదడులో కొత్త జ్ఞాపకాల్ని నిలిపే హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని రెండు వైపులా చాలావరకు తీసేశారు. ఆ తర్వాత 2008లో చనిపోయేదాకా కొత్త సంఘటన ఏదీ అతని జ్ఞాపకంలో నిలవలేదు. అతనికి వ్యవధుల పరీక్ష పెట్టినప్పుడు, 20 సెకన్ల లోపు వ్యవధుల్ని మామూలు మనుషుల్లాగే చెప్పగలిగాడు. ఆ పైన అంచనా కుప్పకూలింది. ఆ ధోరణిని పొడిగించి లెక్కేస్తే మన గంట అతనికి మూడు నిమిషాలు, మన రోజు పావుగంట, మన ఏడాది మూడు గంటలు అని 1973లో విట్‌మన్ రిచర్డ్స్ తేల్చాడు. పొడిగించిన లెక్కని లెక్కగానే చూడాలి, అతను నిజంగా ఏడాదిని మూడు గంటలుగా అనుభవించాడని చెప్పలేం. కానీ సెకన్లను కొలిచే ఏర్పాటు ఒకటి, గంటల్నీ రోజుల్నీ కొలిచే ఏర్పాటు మరొకటి అన్నది మాత్రం దీంతో స్పష్టమైంది. రెండోది జ్ఞాపకం లేకుండా నడవదు.

వయసు పెరిగితే ఏళ్లు పరుగెడతాయా?

ఈ ప్రశ్నకు అందరూ ఇష్టపడే జవాబు ఒకటుంది, ఫ్రెంచ్ తత్వవేత్త పాల్ జానే 1877లో చెప్పినది. పదేళ్ల పిల్లవాడికి ఏడాది అంటే తన జీవితంలో పదో వంతు. యాభై ఏళ్లవాడికి యాభయ్యో వంతు. అందుకే పెద్దయ్యేకొద్దీ ఏడాది చిన్నదవుతుందట. వినగానే "అవును కదా" అనిపిస్తుంది. నాకు మాత్రం ఇది వివరణలా కాక, లెక్కల వేషం వేసుకున్న ఊహలా కనిపిస్తుంది. ఎవరు మాత్రం ఏడాదిని మొత్తం జీవితంతో భాగించి చూసుకుంటారు? పైగా అదే నిజమైతే యాభై ఏళ్లవాడి గంట కూడా పదేళ్లవాడి గంటలో ఐదో వంతుగా తోచాలి. డాక్టర్ గది బయట కూర్చున్న ఏ యాభై ఏళ్లవాడూ దీన్ని ఒప్పుకోడు.

నేరుగా అడిగి చూసిన అధ్యయనాల్లో బయటపడ్డ తేడాలు మనం అనుకునేంత పెద్దవి కావు. మార్క్ విట్‌మన్, సాండ్రా లేన్‌హాఫ్ 2005లో వెలువరించిన అధ్యయనంలో 14 నుంచి 94 ఏళ్ల దాకా 499 మందిని అడిగారు. అన్ని వయసులవాళ్లూ కాలం వేగంగానే పోతోందన్నారు. కిందటి వారం, కిందటి నెల విషయంలో వయసుతో వచ్చిన తేడా స్వల్పం. కాస్త స్పష్టంగా కనిపించింది కిందటి పదేళ్ల విషయంలోనే. వేరే అధ్యయనాల్లో వయసు కన్నా "తీరిక లేదు, పనులు తెమలడం లేదు" అన్న ఒత్తిడికే ఎక్కువ సంబంధం కనిపించింది. నడివయసులో ఉద్యోగం, పిల్లలు, పెద్దవాళ్ల బాగోగులు ఒకేసారి మీదపడతాయి కాబట్టి, ఆ ఒత్తిడినే మనం వయసు ఖాతాలో వేస్తున్నామేమో.

పదేళ్ల లెక్కలో కనిపించే తేడాకు జ్ఞాపకమే బలమైన కారణం. పెద్దవాళ్లను జీవితంలో గుర్తున్న సంఘటనలు చెప్పమంటే, దాదాపు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య వయసువి అసాధారణంగా ఎక్కువ వస్తాయి. మొదటి ఉద్యోగం, మొదటి ప్రేమ, ఇల్లు విడిచి కొత్త ఊరికి వెళ్లడం అన్నీ ఆ కాలంలోనే. ఆ తర్వాత ఒక ఏడాదికీ మరో ఏడాదికీ పోలిక పెరుగుతుంది. ఒకే దారిలో వందలసార్లు ఆఫీసుకు వెళ్లినా జ్ఞాపకంలో మిగిలేది ఒకటే ప్రయాణం. సిఫ్రెకు గుహలో జరిగినదీ కొంత ఇలాంటిదే, తేడా అల్లా అతనికి రెండు నెలల్లో జరిగింది.

దీనికి తోడు తేదీల మోసం ఒకటుంది. స్పష్టంగా గుర్తున్న సంఘటన దగ్గరలోనే జరిగినట్టు తోస్తుంది. ఒక పెద్ద వార్త విన్న క్షణం కళ్లకు కట్టినట్టుంటే, అది జరిగి పన్నెండేళ్లయిందంటే నమ్మబుద్ధి కాదు. "మొన్నే కదా" అనే మాటల్లో చాలావరకు దీని ఫలితమే. అక్కడ కాలం వేగంగా పోలేదు, మనం తేదీ తప్పుగా వేసుకున్నాం.

వయసు సిద్ధాంతాన్ని ఇంకాస్త కుదిపింది కరోనా లాక్‌డౌన్. 2020 ఏప్రిల్‌లో రూత్ ఆగ్డెన్ బ్రిటన్‌లో 604 మందిని అడిగితే, 80 శాతానికి పైగా కాలం మామూలుగా నడవడం లేదన్నారు. కొందరికి రోజులు పరుగెత్తాయి, కొందరికి కదలలేదు. కదలలేదన్న భావన ఎవరిలో ఎక్కువంటే: వయసు పైబడ్డవాళ్లలో, ఒత్తిడిలో ఉన్నవాళ్లలో, చేతిలో పని తక్కువైనవాళ్లలో, మనుషులతో కలిసిమెలిసి ఉండటం సరిపోలేదని బాధపడ్డవాళ్లలో. వయసు పెరిగితే కాలం వేగం పెరుగుతుందన్న సూత్రం నిలబడాలంటే ఇది తలకిందులుగా రావాలి. పెద్దవాళ్లకు రోజు పొద్దుపోకుండా ఉండటం, ఏళ్లు మాత్రం ఇట్టే దొర్లిపోవడం రెండూ ఒకేసారి జరగొచ్చు.

"జీవితం పొడుగ్గా అనిపించాలంటే కొత్త పనులు చేయండి, కొత్త చోట్లకు వెళ్లండి" అన్న సలహా వస్తున్నది ఈ పరిశోధనల నుంచే. సలహాలో నిజముంది, సగం. కొత్తదనం వెనక్కి చూసేటప్పుడు కాలాన్ని పెంచుతుంది, గడుస్తున్నప్పుడు మాత్రం తగ్గిస్తుంది. సెలవుల మూడో రోజునే "అప్పుడే అయిపోవచ్చిందే" అని దిగులుపడేది అందుకే. రెండో సంగతి, పొడుగ్గా అనిపించడం దానంతటదే మంచిదేమీ కాదు. ఆసుపత్రిలో గడిపిన నెల, ఉద్యోగం పోయాక గడిపిన నెల గడిచేటప్పుడూ పొడుగే, తలుచుకున్నా పొడుగే. అలాంటి పొడుగు ఎవరూ కోరుకోరు.

ముందున్న కాలం

మొదట్లో చెప్పిన రెండు ప్రశ్నలకు తోడు రోజూ మనల్ని ఇరుకునపెట్టే మూడోది ఉంది: "ఈ పనికి ఎంతసేపు పడుతుంది?" దీనికి టిక్‌లు సాయపడవు. జ్ఞాపకం సాయపడాలి, కానీ దాన్ని మనం అడగనే అడగం.

కెనడాలో రోజర్ బ్యూలర్, అతని సహచరులు 1994లో అచ్చువేసిన అధ్యయనంలో, డిగ్రీ చివర్లో థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారని అడిగారు. సగటు అంచనా 33.9 రోజులు. నిజానికి పట్టింది 55.5 రోజులు. చెప్పిన గడువులో పూర్తిచేసినవాళ్లు పదిమందిలో ముగ్గురే. మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లోనే ఈ పొరపాటును గుర్తించారు. పని ఎలా సాగుతుందో మనసులో ఊహించుకుంటాం, ఊహలో కరెంటు పోదు, జ్వరం రాదు, ఫైలు కనిపించకుండా పోదు. కిందటిసారి ఆలస్యమైంది నిజమే, అది వేరే కారణం వల్ల అని సర్దిచెప్పుకుంటాం. తమాషా ఏమిటంటే, ఇతరుల పని గురించి అడిగితే మనం ఇంత ఆశగా చెప్పం. పక్కవాడి ఇల్లు ఎప్పటికి పూర్తవుతుందో అంచనా వేసేటప్పుడు అతని ప్లాను కాదు, ఇళ్లు కట్టడానికి మామూలుగా ఎంతకాలం పడుతుందో గుర్తొస్తుంది.

వెళ్లేటప్పటి దారి కన్నా తిరుగు ప్రయాణం చిన్నదిగా తోచడంలో కూడా ఈ ఆశ పాత్ర ఉంది. దారి తెలిసిపోయింది కాబట్టి అని మనం అనుకుంటాం. నీల్స్ వాన్ డె వెన్ బృందం 2011లో చూపించినదాని ప్రకారం, వచ్చేటప్పుడు వేరే దారిలో వచ్చినా తిరుగు ప్రయాణం చిన్నదిగానే ఉంటుంది. ఆ తేడా 17 నుంచి 22 శాతం. వెళ్లేటప్పుడు ఎక్కువ ఆశపడి "ఇంత దూరమా" అని డీలా పడతాం, వచ్చేటప్పుడు అంతే పడుతుందని సిద్ధపడి బయల్దేరతాం, అనుకున్నంత పట్టలేదనిపిస్తుంది. ఇది వాళ్లిచ్చిన వివరణ.

అంచనా తప్పకుండా ఉండాలంటే పరిశోధకులు చెప్పే మార్గం చాలా చప్పగా ఉంటుంది. పనిని ముక్కలుగా ఊహించుకుని ఒక్కోదానికి ఇంత అని కూడుకుంటూ పోవద్దు. అదే రకం పని కిందటిసారి, అంతకుముందుసారి మొదలుపెట్టిన తేదీ, పూర్తిచేసిన తేదీ వెతికి, మధ్యలో ఎన్ని రోజులున్నాయో చూసి, ఆ అంకెనే గడువుగా చెప్పాలి. అది మరీ ఎక్కువగా కనిపించినా సరే. ఈసారి అంత పట్టదులే అని మనసు తప్పకుండా అంటుంది, బ్యూలర్ అడిగిన విద్యార్థులూ పాత ఆలస్యాల్ని మర్చిపోయి కాదు, ఈసారికి అవి వర్తించవనుకునే 33.9 దగ్గర ఆగారు.